ఐలయ్యకు కావలసిన శత్రువు

అరవై దాటాక ఐలయ్యకు ఒక శత్రువు అవసరమయ్యాడు.

అల్లాటప్పా శత్రువు చాలడు. పోలీసులు వచ్చి విచారిస్తే "అవును, ఈయనకు ప్రాణభయం ఉన్న మాట నిజమే" అని రాసుకుపోయేంత గట్టి శత్రువు కావాలి. పుప్పాలగూడలో పుట్టి, జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ బాయిలర్ దగ్గర సగం చెవుడు తెచ్చుకుని, రిటైరయ్యాక ఒక బర్రెను పెంచుకుంటూ, గేటు ముందు బండి ఆపిన ప్రతి డెలివరీ పిల్లగాడినీ "నీళ్లు తాగినవా బిడ్డా?" అని అడిగే మనిషికి అలాంటివాడు ఎక్కడ దొరుకుతాడు? కానీ శత్రువు లేకపోతే తుపాకి లైసెన్సు రాదు. తుపాకి రాకపోతే భాగ్యమ్మ ఆ ఇంట్లో ఉండదు. భాగ్యమ్మ ఉండకపోతే ఇద్దరూ కోకాపేటలో కూతురుండే టవర్లకు పోవాలి. ఆ టవర్లలోకి బర్రెను రానివ్వరు.

దీనికంతటికీ మూలం ఒక స్టీలు గ్లాసు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఐలయ్య, భాగ్యమ్మ శంకర్‌పల్లిలో చుట్టాలింట్లో ఫంక్షన్‌కు వెళ్లారు. పై వాటాలో కిరాయికుండే ప్రభుదాస్, అతని భార్య రూబీ చర్చికి వెళ్లారు. ఐలయ్య దంపతులు తిరిగొచ్చేసరికి వెనక తలుపు గొళ్లెం ఊడి వేలాడుతోంది. భాగ్యమ్మ వెండి కడియాలు లేవు. కూతురు కొనిచ్చిన పెద్ద కుక్కర్ లేదు. గిన్నెలో పాలూ లేవు. దొంగ ఆ పాలు తాగాడు. తాగి, గ్లాసు శుభ్రంగా కడిగి, గట్టు మీద బోర్లించి మరీ వెళ్లాడు.

ఐలయ్యకు ఆ పద్ధతి నచ్చింది. "మంచి ఇంట్ల పుట్టినోడే" అన్నాడు.

భాగ్యమ్మ చూసిన చూపుకు పాలు విరిగిపోయేవే, మిగిలి ఉంటే.

"మంచోడా? గిలాస కడిగి బోర్లించిండంటే మల్ల వస్తడన్నట్టు! మల్ల రానోడు ఎంగిలి గిలాస ఆడనే పారేసి పోతడు. వాడు మన ఇంటిని వాని ఇల్లు అనుకుంటుండయ్యా! ముందుగాల ఆ సందుల జూడు పో, ఎటునుంచి వచ్చిండో."

"సందులనా?" ఐలయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "నేను అండ్ల కాలు పెడితే తిరుపతి ఏమనుకుంటడు?"

ఆ సందు కథ ఆ వాడలో అందరికీ తెలుసు. తిరుపతి ఐలయ్య చిన్నాయన కొడుకు, అవతలి ఇంటివాడు, నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. తాతల జాగా పంచుకున్న రోజుల్లో హద్దు దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. సర్వే చేసినాయన గొలుసు ఒకరి వైపు లాగాడని ఇంకొకరు అన్నారు. పెద్దమనుషులు కూర్చుని, తేలేదాకా ఆ ముక్కలో ఎవరూ కాలు పెట్టొద్దన్నారు. అది తేలలేదు. ఐలయ్య తన అంచున ఒక గోడ కట్టుకున్నాడు, తిరుపతి తన అంచున ఒక గోడ కట్టుకున్నాడు. మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడవగలిగేంత సందు మిగిలింది. దాన్ని ఎవరూ ఊడ్వరు. దాంట్లో పడ్డ బంతి మళ్లీ రాదు. గాలికి ఎగిరిపడ్డ జాకెట్టును భాగ్యమ్మ గోడ మీంచి చూసి దండం పెట్టి వదిలేసింది.

విచిత్రమేమిటంటే పేచీ ఎప్పుడో పోయింది. తిరుపతి తల్లి చనిపోయినప్పుడు ఐలయ్య పాడె మోశాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములిద్దరూ ఒక్క కంచంలో తినేంత ప్రేమగా ఉన్నారు. గోడల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ముందు ఎత్తినవాడు ఓడిపోయినట్టు. గోడ అవతలే ఉండే తిరుపతి, పొద్దున చాయ్‌కి రావాలంటే వాడ చివరి కిరాణా కొట్టు చుట్టూ తిరిగి, రోడ్డెక్కి, ముందు గేటు నుంచి వచ్చేవాడు. రోజూ వచ్చేవాడు.

అందుకే ఐలయ్య సందులో చూడలేదు. పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాడు. ఎవరో వచ్చి గొళ్లేన్ని, గ్లాసును ఫోన్లో ఫొటోలు తీసుకుని వెళ్లారు.

ఆ తర్వాత భాగ్యమ్మకు నిద్ర కరువైంది. ఎలుక కదిలినా లేచి కూర్చునేది. ఐలయ్యను లేపడం అంత తేలిక కాదు. ఏళ్ల తరబడి బాయిలర్ హోరు పక్కన కునుకు తీసిన మనిషి. భుజం పట్టి ఊపి, చెవిలో అరిచి, ఆయన లేచి "ఏమైందే?" అనేసరికి ఆమె గొంతు ఎండిపోయేది. పగలు కళ్ల కింద నల్లటి చారలతో తిరుగుతూ, కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. ఐలయ్య ఏమీ అనకుండా తినేవాడు. అందులోనూ ఆమెకు ఒక అనుమానమే: "ఉప్పెక్కువైందని గూడ చెప్తలేడు, ఈయన దొంగను జూస్తే చెప్తడా?"

కూతురు హర్షిణి ఒక కెమెరా తెచ్చి వాకిట్లో పైపుకు బిగించింది. ఆఫీసులో కూర్చుని ఫోన్లో ఇల్లు చూసుకోవచ్చంది. బర్రె గౌరికి మెడ దురద. ఆ పైపుకు రుద్దుకుంది. కెమెరా ఆకాశం వైపు తిరిగింది. మర్నాడు హర్షిణి మీటింగ్ మధ్యలోంచి ఫోన్ చేసి, "డాడీ, మన ఇంటి మీద మబ్బు పట్టింది, మమ్మీని బట్టలు తీయమను" అంది. ఆ ఒక్క మేలు తప్ప కెమెరా వల్ల ఇంకేమీ జరగలేదు.

చివరికి భాగ్యమ్మ తేల్చేసింది.

"దసరా దాకా జూస్త. ఈ ఇంట్ల నాకు ధైర్యం జెప్పు, లేకుంటే కోకాపేట పోదాం. పిల్ల పక్క ఫ్లాటు కిరాయికుందట. గేటు కాడ నలుగురు వాచ్‌మెన్లున్నరు. నేను జర కన్ను మూస్త."

"మరి గౌరి?"

భాగ్యమ్మ లేచి గౌరి తొట్టిలో నీళ్లు పోసింది. ఆమెకూ గౌరి అంటే ప్రాణమే. కానీ ఆమెకు నిద్ర కావాలి.

ఐలయ్య తిన్నగా కోకాపేట వెళ్లి చూసొచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ పేరడిగి, ఫోన్లో నొక్కి, "మేడమ్ అప్రూవ్ చెయ్యాలె సార్" అని నిలబెట్టాడు. మేడమ్ అంటే తన కూతురే. ఆమె మీటింగులో ఉంది. ఐలయ్య కూతురి అప్రూవల్ కోసం ఎండలో నిలబడి, ఆ వాచ్‌మన్‌ది ఏ ఊరో, పిల్లలెందరో కనుక్కున్నాడు. లోపలికి వెళ్లాక ఫర్నిచర్ ఎక్కించే సర్వీస్ లిఫ్టు కనబడింది. దాని ముందు నిలబడి రెండు చేతులూ చాపి వెడల్పు చూశాడు.

"పడుతది" అన్నాడు.

"ఏది డాడీ?" అంది హర్షిణి.

"ఏం లేదు బిడ్డా."

పట్టినా ఇరవై ఏడో అంతస్తులో దాన్ని ఎక్కడ కడతాడు? బాల్కనీలో కడితే కింద నడిచేవాళ్ల సంగతేమిటి? ఇంటికొచ్చి గౌరి మెడ నిమురుతూ చాలాసేపు కూర్చున్నాడు. పుప్పాలగూడలో ఆ బర్రెకు రోజుకు ఇద్దరు సూర్యులు: పొద్దున అసలు సూర్యుడు, మధ్యాహ్నం ఎదుటి ఆఫీసు అద్దాల మీంచి వచ్చి పడే సూర్యుడు. రెండో సూర్యుడు వచ్చే వేళకు దానికి ముఖాన తడి గోనెసంచి కప్పేవాడు ఐలయ్య. తాము కోకాపేట పోతే దానికి గోనెసంచి ఎవరు కప్పుతారు, దాన్ని కొనుక్కున్నవాడు కప్పుతాడా?

తుపాకి ఆలోచన బంగారం తాకట్టు కొట్టు ముందు వచ్చింది. మూసాపేటలో పాత ఫ్యాక్టరీ దోస్తును చూసి వస్తుంటే మెట్రో కింద ఆ కొట్టు, కొట్టు ముందు స్టూలు, స్టూలు మీద రెండు గొట్టాల తుపాకితో ఒక ముసలి గార్డు కనబడ్డారు. ఐలయ్య ఆగి పలకరించాడు.

"ఎప్పుడన్న పేల్చినవా అన్నా?"

"ఏడ? నౌకరీల చేరినప్పటి సంది ఒక్కపారి గూడ పేల్చలే. దీని కొసకు తువ్వాల ఆరేస్త."

"మరి దొంగలు?"

"దీన్ని జూస్తె రారు. నాకే దీన్ని జూస్తె భయం, దొంగలకుండదా?"

ఐలయ్యకు కావలసింది అదే. పేల్చే పని లేని తుపాకి. ఇంట్లో ఉంటే చాలు, భాగ్యమ్మ నిద్రపోతుంది.

పై వాటా ప్రభుదాస్‌ది కాకినాడ దగ్గర. ఒక ఐటీ కంపెనీలో హెచ్ఆర్. దరఖాస్తులంటే అతనికి పండగ. ల్యాప్‌టాప్ తెచ్చుకుని వాకిట్లో కూర్చున్నాడు. గౌరి అతని భుజం మీంచి స్క్రీన్ చూస్తోంది.

"ఐలయ్య గారండీ, తుపాకి ఎందుకు కావాలో కారణం చెప్పాలండి. మామూలుగా భయమేస్తోందంటే ఒప్పుకోరటండి. ఫలానా వాళ్ల వల్ల ప్రాణభయం ఉందని చూపించాలి. మీకు ఎవరితోనైనా పడదాండీ?"

"పడకపోవుడేంది? అందరితోని పడుతది."

"అదే అంకుల్ గారూ మన సమస్య. ఎప్పుడైనా ఎవరైనా మిమ్మల్ని చంపుతాననడం, కొట్టడానికి రావడం... గుర్తు తెచ్చుకోండి, తొందరేం లేదు. మా కంపెనీలో కూడా ఇలాగే అడుగుతామండి, జనం మొదట లేదంటారు, తర్వాత ఒక్కొక్కటీ బయటికొస్తాయి."

ఐలయ్య గుర్తు తెచ్చుకున్నాడు. ఫ్యాక్టరీలో ఒక సూపర్‌వైజర్ తనను బాయిలర్లో వేసి ఉడకబెడతానన్నాడు. పాపం, ఆయన పోయాడు, ఆయన కొడుకు ఇప్పటికీ పండగకు ఫోన్ చేస్తాడు. చేవెళ్ల సంతలో ఒకడు వట్టిపోయిన బర్రెను చూడిదని చెప్పి అంటగట్టాడు. నిలదీయడానికి పోతే వాడి భార్య దవాఖానలో ఉందని తెలిసి, ఐలయ్యే దారి ఖర్చులిచ్చి వచ్చాడు. ఆ తర్వాత ఒక్క ఆశ మిగిలింది. ఎదుటి అపార్ట్‌మెంటులో ఆదర్శ్ అని ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి, పేడ వాసన వస్తోందని మున్సిపాలిటీకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాడు. ఐలయ్య మీసం దువ్వుకుని అతని ఫ్లాటుకు వెళ్లాడు, గొడవ పెట్టుకుందామని. అక్కడ ఆ అబ్బాయి ప్యాకెట్ పాలు కాచుకుంటున్నాడు. ఆ పాల రంగు చూసి ఐలయ్య గొడవ మాటే మర్చిపోయాడు. తిరిగొచ్చేటప్పటికి రోజూ అర లీటరు చిక్కటి పాలు పంపిస్తానని మాటిచ్చి వచ్చాడు. ఆ సాయంత్రమే ఆదర్శ్ ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు.

"మిమ్మల్ని నమ్ముకుంటే లాభం లేదండి" అన్నాడు ప్రభుదాస్.

"ఇగ తిరుపతే దిక్కు" అన్నాడు ఐలయ్య.

మర్నాడు పొద్దున తిరుపతి చాయ్ తాగుతుండగా సంగతి చెప్పాడు. తిరుపతి కప్పు కింద పెట్టేశాడు.

"నేనా? నిన్ను చంపుడా? థూ! నోరెట్ల వచ్చిందన్నా? మా అవ్వను మోసిన భుజమది."

"ఉత్తగనేరా. పోలీసాయన వచ్చినప్పుడు ఒక్క మాట అను. మనకు పాత పేచీ ఉండె గద. రెండు గోడలున్నయ్, అందరికీ తెలుసు."

"అదెప్పటి ముచ్చట!"

"లేకుంటే గౌరి పోతదిరా."

తిరుపతి గౌరి వైపు చూశాడు. అది నెమరు ఆపి అతని వైపు చూసింది. అతను కప్పు మళ్లీ తీసుకున్నాడు.

"ఏమని అనాలె?"

"చంపుత అను."

"చంపుతనన్నా" అన్నాడు తిరుపతి, నేల చూపులు చూస్తూ.

"అన్నా అని అనొద్దురా!"

"మరి ఏమనాలె? నిన్ను పేరు బెట్టి ఎన్నడన్న పిలిచిన్నా?"

రెండు రోజులు నేర్పాడు. ట్యాంకర్ నడుపుతూ కూడా తిరుపతి సాధన చేసేవాడు. నానక్‌రామ్‌గూడ సిగ్నల్ దగ్గర అద్దం దించి "చంపుత!" అని కోపంగా అనేసరికి, పక్కన కారులో ఉన్న ఆవిడ భయపడి ఎర్రలైటు మీదే ముందుకు పోయింది. తిరుపతికి కొంచెం ధైర్యం వచ్చింది. అన్న ముఖం చూస్తే మాత్రం మళ్లీ పోయేది.

ఈలోగా ప్రభుదాస్ నిబంధనలు చదివి చెప్పాడు. తుపాకి ఒక చోట, తూటాలు ఇంకో చోట, రెంటికీ తాళాలు. ఐలయ్య ఒకసారి చేసి చూద్దామన్నాడు. ఒక మధ్యాహ్నం ప్లంబింగ్ పైపు ముక్కను బీరువాలో పెట్టాడు. పల్లీలను తూటాలని చెప్పి బియ్యం డబ్బా పక్కన పెట్టెలో పెట్టాడు. భాగ్యమ్మను దొంగగా రమ్మన్నాడు.

భాగ్యమ్మ కొంగు నడుముకు దోపి వెనక తలుపు నుంచి వచ్చింది. "వచ్చిన" అంది.

"దొంగ వచ్చిన అని చెప్తడా?"

"చెప్పకుంటే నీకు వినబడతదా?"

ఐలయ్య లేచి బీరువా దగ్గరకు పరిగెత్తాడు. "తాళం ఏదే?"

"నా బొడ్లె ఉంది."

"ఇయ్యి."

"దొంగను నేను. నేనెందుకిస్త?"

"అబ్బ, ఇయ్యవే జర!"

దొంగ తాళంచెవి ఇచ్చింది. పైపు బయటికొచ్చింది. పెట్టెకు ఇంకో తాళం. దాని చెవి ఎక్కడ పెట్టాడో ఐలయ్యకు గుర్తు రాలేదు. దొంగ వంటింట్లోకి వెళ్లి, నీళ్లు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, చాప మీద కూర్చుంది. పెట్టె తెరిచేసరికి పల్లీలు తక్కువున్నాయి. ఆకలేసి పొద్దున తనే తిన్నానని ఐలయ్య ఒప్పుకున్నాడు.

భాగ్యమ్మ నవ్వింది. దొంగతనం జరిగాక ఆమె నవ్వడం అదే మొదలు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, కొంగుతో తుడుచుకుంటూ, ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది.

"నవ్వులాటకు బాగనే ఉంది. పొద్దుగూకితె నాకే తెలుస్తది" అంది.

ఐలయ్య పైపును మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ మాటతో ఆయనకు తుపాకి మీద పట్టుదల ఇంకా పెరిగింది.

ప్రభుదాస్ పెట్టిన దరఖాస్తు మీద విచారణకు హెడ్ కానిస్టేబుల్ మల్లేశం వచ్చాడు. మోటార్‌సైకిల్ మీద, పొద్దున్నే, ముందుగా చెప్పకుండా. అది తిరుపతి చాయ్‌కి వచ్చే వేళ. శత్రువు అప్పటికే గౌరి పక్కన పీట మీద కూర్చుని, ఒక చేత్తో చాయ్ కప్పు, ఇంకో చేత్తో దానికి గడ్డి అందిస్తున్నాడు.

మల్లేశం కుర్చీలో కూర్చున్నాడు. "ఐలయ్య గారంటే మీరేనా? ఎవరి వల్ల మీకు ప్రాణభయం?"

ఐలయ్య గొంతు సవరించుకుని వేలెత్తి చూపించాడు. "గీయన వల్ల సార్."

మల్లేశం తిరుపతిని చూశాడు, కప్పును చూశాడు. తిరుపతి లేచి నిలబడ్డాడు. కప్పు ఎక్కడ పెట్టాలో తోచక గుటుక్కున తాగేశాడు.

"అవ్ సార్. చంపుత." కొంచెం ఆగి, "ఐలన్నను" అన్నాడు.

"ఎందుకు చంపుతవ్?"

ఇది నేర్పలేదు. తిరుపతి ఐలయ్య వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే భాగ్యమ్మ వంటింట్లోంచి కేకేసింది. ఈ ఏర్పాటు సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"తిరుపతీ, సర్వపిండి అయింది. మీ అన్నకు, నీకు ఒక్క పళ్లెంలనే పెట్టన్నా?"

"పెట్టు వదినె" అన్నాడు శత్రువు.

మల్లేశం టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికి మీసం కొరుక్కున్నాడు. సర్వపిండి అతనికీ వచ్చింది. అది తిన్నాక నెమ్మదిగా చెప్పాడు.

"పెద్దాయనా, నన్ను రాయమంటె రాస్త. కని ఒక్క మాట వినండ్రి. ఈయన మిమ్ముల చంపుతనన్నడని నేను రాస్తె, తుపాకి వస్తదో రాదో పైవాళ్ల ఇష్టం. ఈయన పేరైతె ముందుగాల మా స్టేషన్‌కు ఎక్కుతది. బైండోవర్ చేస్తరు, గొడవ జెయ్యనని పూచీ రాయించుకుంటరు. ఎలక్షన్ వచ్చినా, పండుగ వచ్చినా పిలిపించి కూసోబెడ్తరు. రేపు ట్యాంకర్ లైసెన్స్ కాడ గూడ అడుగుతరు. సోంచాయించుకోండ్రి."

వంటింటి గడపలో భాగ్యమ్మ నిలబడిపోయింది. అంతా అర్థమైంది ఆమెకు.

"రాయి సార్" అన్నాడు తిరుపతి. "ఏం గాదు. నాకేం పెద్ద పనులున్నయ్, స్టేషన్ల కూసుంట. మా అన్న బర్రెను అమ్ముకునుడు నేను జూడలేను. మీకు నమ్మకం లేకుంటె సాక్ష్యం సూపిస్త, రాండ్రి. మా పేచీ ఉత్తది గాదు."

అంటూ మల్లేశాన్ని పెరట్లోకి తీసుకెళ్లి రెండు గోడలూ చూపించాడు. మల్లేశం ఒక బండ మీదికి ఎక్కి, గోడ మీంచి సందులోకి తొంగి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

"ఇండ్ల కుక్కరెవరిది?"

కుక్కర్ రెండు గోడల మధ్య నడుమెత్తున ఇరుక్కుని ఉంది. దొంగ వచ్చేటప్పుడు వట్టి చేతులతో పక్కకు తిరిగి వచ్చి గోడ దూకాడు. పోయేటప్పుడు అంత పెద్ద కుక్కర్ సందులో పట్టక, ఇరికితే లాగలేక, వదిలేసి కడియాలతో పోయాడు. నేల మీద పాత ఆకుల్లో అడుగుల జాడలు ఇంకా ఉన్నాయి.

తిరుపతి తల గోక్కున్నాడు. "ఆ ఆదివారం ఏందో గిన్నె చప్పుడైతే విన్న సార్. కని గోడెక్కి చూస్తె, జాగా మీద కన్నేసిండని అన్న అనుకుంటడని..."

"నేనట్ల అనుకుంటనారా?" అన్నాడు ఐలయ్య.

"మరి నువ్వెందుకు చూడలే?"

ఐలయ్య కూడా గోడ మీంచి సందులోకి తొంగి చూశాడు.

అప్పుడు భాగ్యమ్మ వచ్చింది. ఆమె వెనకే, మాటలు విని పై నుంచి దిగిన ప్రభుదాస్.

"మొదటి దినమే చెప్పిన, సందుల జూడుమని! ఒకడు చూస్తె ఒకడేమనుకుంటడోనని ఇద్దరూ చూడలే. మీ ఇద్దరి మర్యాదలతోని దొంగోనికి రోడ్డేసిన్రు గదయ్యా! నాకు నిద్ర లేక పిచ్చి లేస్తుంటె తుపాకి అంటడు, పైపు అంటడు, ఇప్పుడు తమ్ముణ్ని స్టేషన్ల కూసోబెడ్తనంటడు!" ఆమె ఐలయ్య ఎదురుగా వచ్చి నిలబడింది. "సార్ ఉండంగనే చెప్పు. నీకు తుపాకి గావాల్నా, గడ్డపార గావాల్నా?"

ఐలయ్య గోడను చూశాడు. కట్టినప్పుడు నలభై ఏళ్లవాడు. ఆ గోడ ఇటుకలు తనే మోశాడు, మేస్త్రీని కూడా నమ్మకుండా. తిరుపతిని చూశాడు. మూతికి సర్వపిండి నూనె అంటుకుని, స్టేషన్‌కు పోవడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాడు.

"రాయకు సార్" అన్నాడు. "వీడు అబద్ధమాడుతుండు. వీనికి చీమను చంప రాదు."

"ఏ నాకెందుకు రాదు?" అన్నాడు తిరుపతి, నొచ్చుకుని.

"గడ్డపార కొట్టంల ఉంది, తేపో."

రెండు గడ్డపారలు వచ్చాయి. ఐలయ్య తన గోడ ముందు, తిరుపతి చుట్టూ రోడ్డు మీంచి పరిగెత్తి తన గోడ ముందు నిలబడ్డారు. అప్పుడు అసలు చిక్కు వచ్చింది. ముందు ఎవరు కొట్టాలి? ఇద్దరూ ఒక్కసారే కొట్టాలని ప్రభుదాస్ తీర్పు చెప్పాడు. మూడు అంకెలు లెక్కపెట్టాడు. మూడు అనగానే రెండు గడ్డపారలూ గాలిలో ఆగిపోయాయి. అవతలి దెబ్బ వినబడితే కొడదామని ఇద్దరూ చెవులు రిక్కించి ఉన్నారు.

"కొట్టినవారా?" అరిచాడు ఐలయ్య.

"నువ్వు కొట్టినవా అన్నా?"

భాగ్యమ్మ మొగుడి చేతిలోంచి గడ్డపార గుంజుకుంది. మొదటి ఇటుక ఆమె దెబ్బకే పడింది. ఆ చప్పుడుకు అవతల తిరుపతి గోడ కూడా మోగింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి, తల నిండా దుమ్ముతో తిరుపతి చాయ్ కోసం తిన్నగా వచ్చేశాడు, చుట్టూ తిరగకుండా. అలవాటు లేక గడప అనుకుని ఇటుకల మీద కాలెత్తి వేశాడు. భాగ్యమ్మ జాకెట్టు దొరికింది. బంతులు ఒక బుట్టెడు దొరికాయి. కడియాలు మాత్రం దొరకలేదు.

ఆ రాత్రి నుంచి రెండు ఇళ్లకూ వాకిలి ఒక్కటే. ఇటు దగ్గితే అటు వినబడేది, తిరుపతి గురక ఇక్కడిదాకా వచ్చేది. ఆ గురక వింటూ భాగ్యమ్మ నిద్రపోయింది. మర్నాడు పొద్దెక్కేదాకా లేవలేదు. ఐలయ్య చాయ్ తనే పెట్టుకుని, చక్కెర డబ్బా కనబడక, ఆమెను లేపకుండా చేదుగానే తాగాడు.

ప్రభుదాస్ ల్యాప్‌టాప్ తెరిచాడు. "దరఖాస్తు వెనక్కి తీసుకుంటే కారణం అడుగుతోందండి. ఏం రాయమంటారు?"

"శత్రువు దొరకలేదని రాయుండ్రి" అన్నాడు ఐలయ్య.

దసరా వచ్చింది. గౌరికి పసుపు పూసి, కొమ్ములకు రంగేసి, బంతిపూల దండ వేశారు. కోకాపేట నుంచి వచ్చిన హర్షిణి గేటు దగ్గర ఆగితే, ఐలయ్య కొట్టంలోంచి అరిచాడు: "అప్రూవ్ జేస్తున్న బిడ్డా, రా!"

ఆ వాకిట్లో ఐలయ్య ఇంకా కొన్ని దసరాలు చేశాడు. ఒక వానాకాలం పొద్దున పాలు పిండి లేస్తూ, ఛాతీ పట్టుకుని అక్కడే పీట మీద కూర్చున్నాడు. దవాఖానకు తీసుకెళ్లేలోపే పోయాడు. రెండు గోడలూ ఉండిన చోట ఆయనను పడుకోబెట్టారు. అంత చోటు అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. జనం వస్తూనే ఉన్నారు: ఫ్యాక్టరీ వాళ్లు, డెలివరీ పిల్లలు, పాల గిన్నెతోనే పరిగెత్తుకొచ్చిన ఆదర్శ్, కోకాపేట టవర్ల వాచ్‌మన్ కూడా. మల్లేశం యూనిఫాంలోనే వచ్చి టోపీ తీశాడు. మూలన కూర్చున్న తిరుపతి అతన్ని చూసి లేచాడు.

"యాదికున్ననా సార్? నేనే... మా అన్న శత్రువును" అన్నాడు. మల్లేశం అతని భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

భాగ్యమ్మ ఆ ఇల్లు వదల్లేదు. రమ్మని హర్షిణి ఎంత పిలిచినా, "ఈడ నాకు నిద్రొస్తది" అంటుంది. గౌరిని ఇప్పుడు తిరుపతి చూసుకుంటాడు. అది అతన్ని అంత తేలిగ్గా దగ్గరికి రానివ్వదు. పొదుగు కింద చెయ్యి పెట్టగానే కాలు ఝాడిస్తుంది. చెంబు పడిపోతుంది, పాలు వాకిట్లో ఒలికిపోతాయి. తిరుపతి తడిసిన లుంగీ పిండుకుంటూ దాని ముఖం ముందుకొచ్చి నిలబడతాడు.

"చంపుతనని ఉత్తగనే అన్ననే, నీ కోసమే అన్న" అని చెప్పుకుంటాడు. "ఇగ మర్చిపోరాదే."

గౌరి నెమరు వేస్తూ అతన్ని చూస్తుంది. ఎదుటి అద్దాల మీంచి రెండో సూర్యుడు వచ్చేదాకా చూసి, ఆ తర్వాత గోనెసంచి కోసం తల దించుతుంది.